ఆ నెత్తురు ఎవరి కోసం?



మిరప కోతలు నడుస్తున్నాయి. కళ్లాల నిండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. గుంటూరు యార్డుకు పోయే టిక్కీల లారీలు పొద్దుపోయినా ఆగడం లేదు. పత్తి ఆఖరి తీతకు వచ్చింది. ఈ నెలల్లోనే మన పల్లెల్లో చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, పిల్లల జేబుల్లోకీ ఓ రూపాయి రాలుతుంది. తొంభైల్లో ఆ రూపాయి ఎక్కడికి పోయేదో మీలో నలభై దాటిన మగవాళ్లకు చెప్పక్కర్లేదు. వీడియో గేముల దుకాణానికి.

నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు, ఏ పట్టణంలోనైనా బస్టాండు దగ్గరో సినిమా హాలు పక్క సందులోనో అలాంటి గది ఒకటి ఉండేది. చీకటిగా, వాకిలికి ఓ కర్టెను వేలాడుతూ. లోపల గోడ వెంట ప్లైవుడ్డు పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక రంగుల టీవీ తెర, కింద స్టిక్కులు, బటన్లు. బిళ్ళ వేస్తే ఆట. పెట్టెల్లోని బోర్డులు చాలావరకు నకళ్లు. ఆ ఆట తయారుచేసిన జపాను కంపెనీకి గానీ అమెరికా కంపెనీకి గానీ మన సందు ఉన్నట్టే తెలియదు. కాప్‌కామ్ వాళ్లు 1993లో తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' ఆటను ఎవరూ ఆ పేరుతో అడిగేవాళ్లు కాదు. అందులో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా గనక మనకది ముస్తఫా గేమ్. మన దగ్గరే కాదు, దేశంలో చాలాచోట్ల అంతే.

ముస్తఫా గురించి ఇంకోసారి రాస్తాను. ఈ ఉత్తరం ఆ గదుల్లోని ఇంకో రకం ఆటల గురించి. ఎదుటివాడు ఓడిపోయాక కూడా వదలని ఆటలు. వాటిలో పేరుమోసింది 'మోర్టల్ కాంబాట్'. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇద్దరు తలపడతారు. ఒకడు ఓడిపోతాడు. ఓడినవాడు కింద పడడు, తూలుతూ నిలబడే ఉంటాడు. తెర మసకబారుతుంది, వాణ్ని ముగించమని ఒక గొంతు ఇంగ్లీషులో హుకుం వేస్తుంది. అప్పుడు స్టిక్కునూ బటన్లనూ ఒక వరసలో నొక్కగలిగితే, గెలిచినవాడు ఎదుటివాడి గుండెను చేత్తో పెరుకుతాడు. ఇంకొకడైతే వెన్నుపూసతో సహా తల ఊడబెరుకుతాడు. ఆ బొమ్మలు చేత్తో గీసినవి కావు. నిజం మనుషులను కెమెరా ముందు నిలబెట్టి తీసి తెరమీదకు ఎక్కించారు. అందుకే అవి అంతగా గుచ్చుకునేవి.

ఇదంతా ఎవరి కోసం చేశారు? పిల్లల కోసమని కొందరంటారు. హింస అంటే పడిచచ్చే పెద్దవాళ్ల కోసమని ఇంకొందరు. నేను చాలాకాలంగా దీని గురించి చదువుతూ, ఆలోచిస్తూ వచ్చాను. నాకు తోచిన జవాబు వేరు. ఆ నెత్తురు ఆడేవాడి కోసం పెట్టింది కాదు. వాడి చుట్టూ మూగి నిలబడ్డవాళ్ల కోసం పెట్టింది.

ఒక్కసారి ఆ గదిని తలుచుకోండి. స్టిక్కు పట్టుకున్నవాడు ఒకడో ఇద్దరో. వెనక భుజాల మీదుగా తొంగిచూసేవాళ్లు ఆరుగురో ఏడుగురో. జేబులో బిళ్ళ లేనివాళ్లు, ఉన్నా ఇంకా వేయనివాళ్లు. గుండె పెరికేసరికే ఆట ఫలితం తేలిపోయి ఉంటుంది. ఆ దెబ్బ వల్ల గెలుపు గెలుపే, ఓటమి ఓటమే. ఓడినవాడికి పోయిన బిళ్ళ ఎలాగూ పోయింది. మరి ఆ చివరి కాండ ఎందుకు? వెనక ఉన్న ఏడుగురి నోటా ఒకేసారి కేక రావడానికి. ఆ కేక వీధిలోకి వినపడడానికి. పైగా ఆ వరస పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు. ఎవడో ఒకడికి తెలిసి, వాడు ఇంకొకడికి చెప్పాలి. నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసుకున్నవాళ్లు మీలో ఉండే ఉంటారు. గుంపు లేకపోతే ఆ రహస్యానికి విలువే లేదు.

ఇది నేను ఊహించి అంటున్న మాట కాదు. మోర్టల్ కాంబాట్ 1992లో షికాగోలోని మిడ్‌వే కంపెనీలో పుట్టింది. మొదలుపెట్టింది నలుగురే, అందులో ముఖ్యులు ఎడ్ బూన్, జాన్ టోబయాస్. అంతకు ముందు ఏడాది, 1991లో, కాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 2' వచ్చింది. అందులో ఎక్కువ దెబ్బలు తిన్నవాడు కళ్లు తిరిగి కాసేపు కదలలేడు, ఎదుటివాడు ఉచితంగా ఓ దెబ్బ వేసుకోవచ్చు. అలా కొట్టడం సరదా, కొట్టించుకోవడం చిరాకు. అందుకని షికాగోవాళ్లు ఆ కళ్లు తిరగడాన్ని ఆట మధ్యలోంచి తీసి చివరికి మార్చారు. అక్కడైతే ఓడినవాడికి కొత్తగా పోయేది ఏమీ లేదు. ఆ ఉచిత దెబ్బే పెరిగి పెరిగి గుండె పెరకడం దాకా వచ్చింది. ఆటలో పనిలేని చోటికి హింస జరిగింది. అక్కడ దానికి మిగిలిన పని చూపించడం ఒక్కటే.

వ్యాపారం వైపు నుంచి చూసినా ఇదే కనిపిస్తుంది. పెట్టె తయారుచేసే కంపెనీకి పిల్లవాడు ఖాతాదారుడు కాడు. ఖాతాదారుడు పార్లరు యజమాని. కొత్త ఆటను ముందుగా ఏదో ఒక పార్లరులో పెట్టి, వారం తిరిగేసరికి డబ్బాలో ఎన్ని బిళ్ళలు పడ్డాయో లెక్కపెట్టి చూసేవారు. పక్కపక్కన ఇరవై పెట్టెలు మోతలు పెడుతుండే గదిలో నడిచిపోయే మనిషిని ఆపాలి. ఎవరూ ఆడనప్పుడు కూడా పెట్టె తనంతట తాను ఆడి చూపించేది అందుకే. స్టిక్కు పట్టుకున్నవాడి బిళ్ళ ఈరోజుది. వెనక నిలబడ్డవాళ్లవి రేపటివి.

మోర్టల్ కాంబాట్ మొదటిది కాదు. 1976లోనే ఎక్జిడీ అనే అమెరికా కంపెనీ 'డెత్ రేస్' తెచ్చింది. నలుపు తెలుపు తెర, ఇప్పుడు చూస్తే చీమల్లాంటి బొమ్మలు. కారుతో వాటిని తొక్కించాలి. తొక్కితే ఓ అరుపు, ఆ చోట ఓ శిలువ గుర్తు లేస్తుంది. అవి మనుషులు కావు, దయ్యాలని కంపెనీ చెప్పుకుంది. పత్రికలు, టీవీలు దుమ్మెత్తిపోశాయి, ఆ గొడవతోనే దాని పేరు నలుగురికీ తెలిసింది. నింద కూడా గిరాకీ తెస్తుందని ఈ వ్యాపారం అప్పుడే నేర్చుకుంది. 1988లో జపానులో నామ్కో 'స్ప్లాటర్‌హౌస్' చేసింది. దాన్ని ఇళ్లలో ఆడుకునే యంత్రానికి మార్చి అమెరికాలో అమ్మినప్పుడు, పిల్లలకూ పిరికివాళ్లకూ ఇది తగదని అట్ట మీద అచ్చువేశారు. పన్నెండేళ్ల పిల్లవాడు ఆ అట్ట చదివి ఏం చేస్తాడు? తను పిరికివాణ్ని కానని చూపించుకోవాలనుకుంటాడు. హెచ్చరిక పేరుతో వేసిన ఎర అది. ఆ మాట రాసినవాళ్లకు తాము ఎవరితో మాట్లాడుతున్నారో బాగా తెలుసు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1986 నాటి 'చిల్లర్'. ఇదీ ఎక్జిడీదే. తెరకు తుపాకి గురిపెట్టి కాల్చే ఆట. ఎదుటివాళ్లు శత్రువులు కారు. చిత్రహింసల గదిలో గొలుసులతో కట్టేసిన మనుషులు. వాళ్లు తిరిగి కొట్టరు, పారిపోరు. వాళ్ల ఒంటి మీది మాంసం ముక్కలుగా ఊడేలా కాల్చడమే ఆట. అమెరికాలో చాలామంది పార్లరు యజమానులు ఆ పెట్టెను తమ గదుల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. దాంతో కంపెనీ దాన్ని బీద దేశాలకు అమ్ముకుందని ఈ ఆటల చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు. తమ పిల్లలు చూడకూడదని అక్కడివాళ్లు వెనక్కి తిప్పిన సరుకు, అడిగే నాథుడు లేని చోటికి వెళ్లింది. అక్కడ నిషేధించిన పురుగుమందులను మన పత్తి చేలకు చేరవేసిన బుద్ధే ఇక్కడా నాకు కనిపిస్తుంది.

అమెరికాలో ఆ ప్రశ్న చివరికి చట్టసభ దాకా వెళ్లింది. 1993 సెప్టెంబరులో మోర్టల్ కాంబాట్ ఇళ్లలోకి వచ్చింది. నింటెండో తన యంత్రంలో నెత్తురు తీసేసి బూడిదరంగు చెమట పెట్టింది. సెగా ఒక రహస్య వరస నొక్కితే నెత్తురు వచ్చేలా వదిలింది, అమ్మకాల్లో ముందుకుపోయింది. అదే ఏడాది డిసెంబరు 9న సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ పెట్టారు. మా ఆటలు కొనేవాళ్లలో పెద్దవాళ్లు కూడా బాగా ఉన్నారని సెగా ప్రతినిధి వాదించారు. ఆ గొడవ ఫలితంగా 1994లో ఇంటి ఆటలకు వయసుల వారీ గుర్తులిచ్చే సంస్థ ఒకటి పుట్టింది. బిళ్ళ పెట్టెలకు పచ్చ, పసుపు, ఎరుపు చీటీలు వేరే పెట్టుకున్నారు.

ఆ చీటీల్లో ఒక్కటైనా మన సందులోకి రాలేదు. నకలు బోర్డుకు చీటీ ఎవరు అంటిస్తారు? సినిమాకైతే 1952 చట్టం కింద సర్టిఫికెట్ ఉంది. పెద్దలకు మాత్రమే అని వాల్‌పోస్టరు మీద ఓ గుండ్రం గుర్తుండేది, గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు కనీసం మొహం వైపు చూసేవాడు. ఆటల గది వాకిట్లో కర్టెను తప్ప ఏమీ లేదు. స్టూలు ఎక్కితే గానీ స్టిక్కు అందని పిల్లవాడు కూడా లోపలికి వెళ్లొచ్చు. వెళ్లేవాడు.

లోపల ఎవరు ఉండేవారో, ఎవరు లేరో కూడా చూడాలి. ఆడపిల్లలు లేరు. ఆ గది ఆడపిల్లలు తలదించుకుని గబగబా దాటిపోవలసిన చోటు. లోపల ఉన్న మగపిల్లలకు ఒక పరీక్ష నడిచేది, ఎవరూ పేరు పెట్టని పరీక్ష. గుండె పెరికేటప్పుడు ఎవడు చూపు తిప్పుకుంటాడు? తిప్పుకున్నవాడిని ఆ సాయంత్రమంతా ఏడిపించేవారు. అందుకని అందరూ కళ్లు తెరుచుకుని నిలబడేవారు. కొందరికి లోపల కడుపులో దేవుతూ ఉండేది. పైకి నవ్వేవారు. ఆ పిల్లలంటే నాకు చాలా జాలి, చాలా ప్రేమ. హింస ఇష్టమై వాళ్లు అక్కడికి పోలేదు. తోటివాళ్ల మధ్య నిలబడడానికి ఓ చోటు కావాలి, అది దొరికింది, దానికి కట్టవలసిన రుసుము అది.

గుంపు కోసం పదును పెట్టడం మనకు కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతి పందేల్లో కోడి కాలికి కత్తి కట్టేది ఎందుకు? డింకీ పందెంలో కత్తి ఉండదు, రెండు పుంజులూ అలిసిపోయేదాకా కొట్టుకుంటాయి. కత్తి కడితే నిమిషాల్లో తేలిపోతుంది, బరి చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే ఇంకో పందెం కాయొచ్చు. కోడికి కత్తి అక్కర్లేదు. కాసేవాళ్లకు కావాలి. జంతుహింస నిరోధక చట్టం 1960లోనే వచ్చింది, రాష్ట్రంలో జూద నిరోధక చట్టం 1974 నుంచి ఉంది. హైకోర్టు చెప్పింది, పోలీసులు మైకుల్లో చెబుతారు. గుంపు చెదరనంతకాలం కత్తి ఊడలేదు.

కోడిపందెం అన్నాక పల్నాడు గుర్తురాకుండా ఉంటుందా? 12వ శతాబ్దం చివర్లో గురజాల, మాచర్లల మధ్య అన్నదమ్ముల వైరం ఓ పందెంతో ముదిరింది. గురజాల వైపు నాగమ్మ పక్షం పుంజు గెలిచింది, మాచర్ల వైపు బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారు. అతను ఎవరో పరాయివాడు కాదు, గురజాల ఏలే నలగామరాజుకు స్వయానా అల్లుడు. తర్వాత కారెంపూడి యుద్ధం. ఆ కథలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధంలోకి వచ్చిందీ ఓ ఆటలోంచే. బొంగరాలాడుతుంటే బొంగరం ఓ ఆడమనిషి కాలికి తగిలింది, ఆమె నోట యుద్ధం మాట విన్నాడు, తల్లి ఐతాంబ చెప్పినా ఆగలేదు.

ఆ కథలో నెత్తురు తక్కువేం కాదు. వీరవిద్యావంతులనే గాయకులు దాన్ని రాత్రులకు రాత్రులు పాడతారు. జీన్ రాఘైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడుకు వచ్చి ఆ పాట మొత్తం విని, రికార్డు చేసి, 1982లో పుస్తకంగా అచ్చువేశాడు. చిన్నపిల్లలు కూడా తల్లుల ఒళ్లో కూర్చుని ఆ నరుకుళ్లన్నీ వింటారు. మరి దానికీ మోర్టల్ కాంబాట్‌కూ తేడా ఏమిటి? నన్ను నేనే ఈ ప్రశ్న చాలాసార్లు అడుక్కున్నాను, ఎందుకంటే తేడా ఉందని నా మనసు గట్టిగా చెబుతోంది, ఊరికే మన కథ మీద మమకారంతో అలా అనకూడదు కూడా.

కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేటి ఒడ్డున వీరుల గుడి. ఊరూరి నుంచి ఆచారవంతులు తమ వంశం వీరుడి ఆయుధం పట్టుకుని వస్తారు. మందపోరు నాడు చాపకూడు, కులాలు చూడకుండా ఒక బంతిన భోజనం. చివరి రోజు కల్లిపాడు, వీరులు ఒరిగిపోయిన రోజు. అక్కడ నిలబడి చూసేవాళ్లు కూడా గుంపే. కానీ చచ్చినవాడు వాళ్లలో ఎవరికో తాత. వాడికి పేరుంది, ఏడ్చే తల్లి ఉంది, అలరాజు భార్య పేరిందేవి లాగా వెనకే ప్రాణం వదిలే ఇల్లాలు ఉంది. గెలిచినవాడికీ సుఖం లేదు. యుద్ధమయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెప్పుకుంటాం. కథ పాడేవాడు వినేవాడికి తెలిపేది చంపిన తర్వాత ఏం మిగులుతుందన్నది. ఆటపెట్టె ఆ తర్వాతను పూర్తిగా కోసేస్తుంది. గుండె పెరికించుకున్నవాడు మళ్లీ బిళ్ళ పడగానే కొత్త చొక్కాతో లేచి నిలబడతాడు. ఎవరూ ఏడవరు. నాకున్న అభ్యంతరమంతా ఆ ఏడుపు లేకపోవడం మీదే, నెత్తురు మీద కాదు.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినవాణ్ని అవుతాను. ఈ ఆటలు పిల్లల్ని హంతకులను చేస్తాయని అప్పట్లో పెద్దలనేవారు, ఇప్పటికీ అంటారు. మన నేల మీద జరిగింది చూడండి. కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది 1985 జూలై 17న. అప్పటికి మోర్టల్ కాంబాట్ పుట్టడానికి ఏడేళ్లుంది. చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి గోతాల్లో కుక్కి కాలవలో పారేసింది 1991 ఆగస్టు 6న. ఆ తగవు మొదలైంది సినిమా హాల్లోనే. తెర మీది బొమ్మ వల్ల కాదు, ముందు కుర్చీలోని పెద్దకులం కుర్రాడికి వెనక కూర్చున్న దళిత కుర్రాడి కాలు తగిలిందని. కులం నేర్పిన దాన్ని ఏ ఆటపెట్టె మీదకూ నెట్టకూడదు. ఆటల గదిలో పిల్లవాడి మనసు కమిలిందని బాధపడే మనం ఆ రెండు ఊళ్ల గురించి ఆ పిల్లలకు ఏం చెప్పామో కూడా ఆలోచించాలి.

ఇప్పుడు ఆ గదులు లేవు. కొన్ని ఇంటర్నెట్ సెంటర్లయ్యాయి, తర్వాత మొబైల్ దుకాణాలయ్యాయి. ఆట ఫోనులోకి వచ్చింది. మోర్టల్ కాంబాట్ కూడా వచ్చింది, నెత్తురు ఇంకా చిక్కబడి వచ్చింది. పిల్లలతో మాట్లాడితే ఇంకో సంగతి తెలుస్తోంది. వాళ్లు ఆడే దానికన్నా ఎవరో ఆడుతుంటే యూట్యూబులో చూసేది ఎక్కువ. భుజాల మీదుగా తొంగిచూసిన ఆ ఏడుగురు ఇప్పుడు లక్షలయ్యారు. ఆటగాడు వాళ్లకోసం తెలుగులో కేకలు పెడుతూ ఆడతాడు. బిళ్ళ బదులు ప్రకటన పడుతుంది. ఒక్కటి మాత్రం బాగా మారింది. ఆ గదిలో చూపు తిప్పుకున్నవాడిని వెక్కిరించడానికైనా పక్కన ఓ స్నేహితుడు ఉండేవాడు, బయటికొచ్చాక వాడే పుల్లయిసు కొనిపెట్టేవాడు. ఇప్పటి పిల్లవాడు దుప్పటి కింద ఒక్కడే చూస్తున్నాడు.

అందుకని ఈసారి మీ నుంచి నాకు ఉత్తరాలు కావాలి. మీ ఊళ్లో ఆటల గది ఎక్కడుండేది, అందులో ఏ ఆటలుండేవి, వాటిని మీరేమని పిలిచేవారు, చూపు తిప్పుకున్నది ఎవరు, రాయండి. ఎప్పుడైనా ధైర్యం చేసి లోపలికి వెళ్లిన అక్కచెల్లెళ్లు ఉంటే తప్పకుండా రాయండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ దుకాణాలు నడిపినవాళ్లు రాస్తే ఎంతో మేలు. ఏ పెట్టె ముందు గుంపు మూగేదో, రాత్రి తాళం తీసి చూస్తే ఏ డబ్బాలో బిళ్ళలు ఎక్కువ ఉండేవో మీకే తెలుసు. నేను చెప్పింది తప్పయితే అదీ మీరే చెప్పగలరు. వచ్చిన ఉత్తరాలు వచ్చే నెల ఇక్కడే వేస్తాను, పేర్లు వద్దంటే పేర్లు లేకుండా.

కాయ ఎండాక మంచు పడకుండా పట్టాలు కప్పుకోండి. అందరికీ మంచి ధర రావాలి.

మీ
ఉత్తరాల మనిషి